అప్‌డేట్‌కు అంతసేపు ఎందుకు? మన పలుకుల టేబుల్ నేర్పిన పాఠం

పోయిన నెల ఒక శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉన్నవాళ్లందరికీ నా మీద కోపం వచ్చింది. ఒకరి తర్వాత ఒకరికి స్క్రీన్ మీద "లాక్ వెయిట్ టైమౌట్" అని వచ్చింది. దిద్దిన మాట దిద్దినట్టే పోయింది. మళ్లీ దిద్దితే మళ్లీ అదే మాట. కారణం నేను. నేను ఇచ్చిన ఒక్క అప్‌డేట్ క్వెరీ. ఆ రోజు ఏం జరిగిందో, తర్వాత ఎలా సరిచేశామో గోడపత్రికకు రాయమని మేడమ్ అన్నారు. క్షమాపణ కూడా ఇందులోనే చెప్పేస్తున్నాను.

కొత్తగా చేరిన చెల్లెళ్ల కోసం ముందు రెండు మాటలు. మన డిపార్ట్‌మెంట్‌లో ప్రతి బ్యాచ్ వాళ్లూ తమ ఇళ్లలో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసుకొని వస్తారు. తమిళనాడులో తరతరాలుగా ఉన్న మన ఇళ్ల తెలుగు అది. విన్నది విన్నట్టు రాసి, మాటకు ఒక వరుస చొప్పున మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పెడతాము. ఆ టేబుల్ పేరు "పలుకులు". ఇప్పుడు అందులో సుమారు 9 లక్షల వరుసలు ఉన్నాయి.

చిక్కు ఎక్కడంటే, మనలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతాము గాని బడిలో చదివింది తమిళమే. కాలేజీలో పార్ట్ వన్‌గా తెలుగు తీసుకున్నాకే అక్షరాలు దిద్దినవాళ్లం ఎందరమో. అందుకే మొదటి బ్యాచ్‌ల వాళ్లు చాలా మాటలు తమిళ లిపిలోనే రాశారు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. "గాలి" అన్నా "కాలి" అన్నా రాత ఒకటే. ఏది ఏదో తెలియాలంటే ఆడియో వినాల్సిందే.

కాబట్టి సీనియర్ అక్కలు పని రెండుగా పంచుకున్నారు. అనుమానం లేని మాటలకు "జంటలు" అని ఇంకో టేబుల్ తయారు చేశారు. తమిళ రాత ఒక కాలమ్‌లో, దానికి సరైన తెలుగు రాత పక్క కాలమ్‌లో. అందులో 18 వేల వరుసలు. గాలి, కాలి లాంటి అనుమానపు మాటలను మాత్రం ఇయర్‌ఫోన్ పెట్టుకొని విని, ఒక్కొక్కటిగా చేత్తో "పలుకులు" టేబుల్‌లోనే తెలుగు రాత కాలమ్‌లో నింపారు. అలా చేత్తో నింపినవి 41 వేలు. ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

నా పని చిన్నదే అనుకున్నాను. "జంటలు" చూసి "పలుకులు"లో తెలుగు రాత నింపాలి. ఒక్క క్వెరీ రాశాను. "పలుకులు టేబుల్‌లో ప్రతి వరుసకూ, జంటలు టేబుల్‌లో ఈ తమిళ రాతకు సరిపోయే తెలుగు రాత వెతికి పెట్టు" అని దాని అర్థం. రాతల ముందు వెనుక ఖాళీలు ఉంటాయేమోనని రెండు వైపులా ట్రిమ్ అనే ఫంక్షన్ కూడా తగిలించాను. రెండు గంటలకు ఎంటర్ నొక్కాను. నాలుగు దాటినా అవలేదు.

వెతుకులాటే అసలు ఖర్చు

అప్‌డేట్ అంటే రాయడం అని మనం అనుకుంటాం. నిజానికి రాయడానికి ముందు వెతకాలి. నా క్వెరీలో పలుకులు టేబుల్‌లోని ఒక్కొక్క వరుసకూ జంటలు టేబుల్‌లోని 18 వేల వరుసలనూ మొదటి నుంచి చివరిదాకా చూడాల్సి వచ్చింది. 9 లక్షలను 18 వేలతో గుణిస్తే 1,620 కోట్ల పోలికలు. ల్యాబ్‌లోని పాత కంప్యూటర్ రెండు గంటలు తీసుకున్నదంటే తప్పు దానిది కాదు.

నిఘంటువులో మాట వెతికేటప్పుడు మనం మొదటి పేజీ నుంచి చదవము కదా. అకారాది క్రమం ఉంది కాబట్టి నడిమికి తెరిచి, ముందుకో వెనక్కో పోతాము. డేటాబేస్‌కు అలాంటి అకారాది పట్టికే ఇండెక్స్. ఎక్కువగా వాడే ఇండెక్స్ నిర్మాణం పేరు బీ ట్రీ. రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ అనే ఇద్దరు బోయింగ్ సంస్థలో పనిచేస్తూ 1970ల మొదట్లో దీన్ని రూపొందించారు. ఇది చెట్టులా కొమ్మలు కొమ్మలుగా విడిపోతుంది. కాని పొడుగ్గా పెరగదు, పొట్టిగా వెడల్పుగా ఉంటుంది. లక్షల వరుసలున్నా మూడు నాలుగు మెట్లు దిగితే కావలసిన వరుస దొరుకుతుంది. 18 వేల వరుసలు చూడటానికీ రెండు మూడు మెట్లు దిగడానికీ ఉన్న తేడానే రెండు గంటలకూ రెండు నిమిషాలకూ ఉన్న తేడా.

"జంటలు టేబుల్‌కు ఇండెక్స్ పెట్టలేదా?" అని మీరు అడుగుతారు. పెట్టారు. అక్కలు తమిళ రాత కాలమ్‌కు ఇండెక్స్ పెట్టే ఉంచారు. నేనే దాన్ని పనికి రాకుండా చేశాను. ఎలాగంటే, ఆ ట్రిమ్ వల్ల. ఇండెక్స్‌లో మాటలు ఉన్నవి ఉన్నట్టు వరుసలో ఉంటాయి. నేనడిగింది ఉన్న మాటను కాదు, ఖాళీలు తీసేశాక వచ్చే మాటను. అది ఏ పేజీలో ఉంటుందో ఇండెక్స్‌కు తెలియదు. అందుకని డేటాబేస్ ప్రతి వరుసనూ తీసి, ట్రిమ్ చేసి, పోల్చి చూసింది. మనం వెతికే కాలమ్‌ను ఫంక్షన్‌లో చుట్టకూడదు అనేది నేను నేర్చుకున్న మొదటి సంగతి. ఖాళీలు ఉంటే ఆ 18 వేల వరుసలను ఒకసారి శుభ్రం చేసి పెట్టుకోవాలి. 9 లక్షల సార్లు శుభ్రం చేయించకూడదు.

మిగతావాళ్ల పని ఎందుకు ఆగింది?

అప్‌డేట్ ఒక వరుసను ముట్టుకుంటే దానికి తాళం వేస్తుంది. పని మొత్తం ముగిసి కమిట్ అయ్యేదాకా ఆ తాళం తీయదు. ఇద్దరు ఒకే వరుసను ఒకేసారి దిద్ది గందరగోళం చేయకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. మంచిదే. కాని నా క్వెరీలో షరతు ఏమీ లేదు. అది మొదటి వరుస నుంచి తాళాలు వేసుకుంటూ పోయింది. వెనుక వేసిన తాళం ఒక్కటీ తీయలేదు. పాత వరుసలు దిద్దుతున్న వాళ్లందరూ గుమ్మం బయట నిలబడ్డారు. జంటలు టేబుల్‌ను చదివినందుకు దాని వరుసల మీద కూడా తాళాలు పడ్డాయి, కాబట్టి అందులో కొత్త జంట చేర్చబోయిన అమ్మాయికీ దారి లేదు. తాళం కోసం ఎంతసేపు కాచుకోవాలో మైఎస్‌క్యూఎల్‌లో ఒక లెక్క ఉంది. మనం మార్చకపోతే అది 50 సెకన్లు. అది దాటితే వచ్చేదే ఆ ఎర్రటి మాట.

అందరూ అరిచేసరికి భయపడి క్వెరీని ఆపేశాను. ఆపినా ఆగలేదు! ఇంకో ఇరవై నిమిషాలు తిరుగుతూనే ఉంది. పాడైపోయిందనుకొని స్విచ్ కట్టేయబోతే ల్యాబ్ అక్క చేయి పట్టుకొని ఆపింది. "అది చెడిపోలేదు, చేసిందంతా వెనక్కి తీసుకుంటున్నది" అన్నది.

సంగతి ఏమంటే, అప్‌డేట్ కొత్త విలువ రాసేముందు పాత విలువను ఒక పక్కన దాచిపెట్టుకుంటుంది. దాన్ని అన్‌డూ లాగ్ అంటారు. పని మధ్యలో ఆపితే దాచినవన్నీ ఒక్కొక్కటి తీసి యథాస్థానంలో పెట్టాలి. దీని పేరు రోల్‌బ్యాక్. స్విచ్ తీసేసినా తప్పించుకోలేము. మళ్లీ ఆన్ చేశాక అది ఆ పనే మొదలుపెడుతుంది. అందుకే పెద్ద అప్‌డేట్‌ను మధ్యలో ఆపడం కూడా ఒక పెద్ద పనే.

"ఎన్ని వరుసలు మారాలి?"

ఆ సాయంత్రం మేడమ్ నన్ను తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగారు. "ఇందులో అసలు ఎన్ని వరుసలు మారాలి అమ్మా?" నా దగ్గర జవాబు లేదు. ఎన్ని అని నేను లెక్కపెట్టనే లేదు.

మరునాడు అప్‌డేట్ జోలికి పోకుండా, ఉత్త సెలెక్ట్‌తో లెక్క తీశాను. తమిళ లిపిలో ఉండి, తెలుగు రాత ఖాళీగా ఉండి, జంటలులో జత దొరికేవి 2 లక్షల 30 వేలు మాత్రమే. మిగిలిన 6 లక్షల 70 వేల వరుసలకు నా అప్‌డేట్‌తో పనే లేదు. వాటిని వెతికించడం, తాళాలు వేయించడం, పాత విలువలు దాచిపెట్టించడం అంతా దండగ.

అంతకంటే భయం పుట్టించే విషయం ఇంకొకటి బయటపడింది. నా క్వెరీ "సరిపోయేది వెతికి పెట్టు" అన్నది. సరిపోయేది దొరకకపోతే? డేటాబేస్ ఆ వరుసను వదిలేయదు. అక్కడ నల్ అంటే శూన్యం పెడుతుంది. జంటలులో జత లేని మాటలు ఏవి? అనుమానపు మాటలు. గాలి, కాలి లాంటివి. అంటే అక్కలు ఒక్కొక్కటీ విని చేత్తో నింపిన ఆ 41 వేలే. నా క్వెరీ కాస్త వేగంగా నడిచి ఉంటే, ఎవరూ గమనించకముందే వాటన్నిటినీ తుడిచేసేది. ఆ ఆడియోల్లో కొందరు అవ్వలు ఇప్పుడు లేరు కూడా. ఆలస్యమే మనల్ని కాపాడింది.

అందుకే అప్‌డేట్‌ను వేగం చేయడం అంటే ముందు దాని పని తగ్గించడం అని నాకు అర్థమైంది. ఎవరిని ముట్టుకోవాలో, ఎవరిని ముట్టుకోకూడదో తేల్చి షరతుగా రాస్తే వేగమూ వస్తుంది, తప్పూ తగ్గుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఉన్న విలువనే మళ్లీ పెడితే అది రాయడం మానుకుంటుంది గాని, వెతకడం, తాళం వేయడం మానదు. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో అయితే విలువ మారకపోయినా వరుసకు కొత్త ప్రతి రాస్తుంది. అక్కడ అనవసరపు వరుసలు ముట్టుకోవడం ఇంకా ఖరీదు.

రెండోసారి ఉప క్వెరీ తీసేసి, రెండు టేబుళ్లనూ జాయిన్ చేసి అప్‌డేట్ రాశాను. జాయిన్‌లో జత దొరికిన వరుసలే లోపలికి వస్తాయి, దొరకనివి బయటే ఉండిపోతాయి. నల్ సమస్య పోయింది. దానికి "తెలుగు రాత ఖాళీగా ఉంటేనే" అనే షరతు కలిపాను.

ముక్కలుగా కోయడం, అందులో ఒక గుంట

2 లక్షల 30 వేలు కూడా ఒకే గుక్కలో చేస్తే తాళాలు చాలాసేపు ఉంటాయి. కాబట్టి ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు కమిట్ ఇద్దామనుకున్నాను. మన దగ్గర 140 రికార్డింగులు ఉన్నాయి. రికార్డింగ్ నంబరు 1, తర్వాత 2, ఇలా పోదామని మొదలుపెట్టాను. ఆ కాలమ్‌కు ఇండెక్స్ ఉంది. అయినా ప్రతి ముక్కా నత్తనడక నడిచింది.

ఈసారి తొందరపడకుండా ఎక్స్‌ప్లెయిన్‌ను అడిగాను. క్వెరీకి ముందు ఆ మాట చేరిస్తే, డేటాబేస్ పని చేయకుండా, ఎలా చేయబోతుందో చెబుతుంది. అందులో టైప్ అనే చోట "ఆల్" అని ఉంటే టేబుల్ మొత్తం చదువుతుందని అర్థం. కీ అనే చోట ఏ ఇండెక్స్ వాడుతుందో ఉంటుంది. నాకు ఆల్ అని వచ్చింది.

కారణం చూస్తే నవ్వొచ్చింది. మొదటి బ్యాచ్ వాళ్లు రికార్డింగ్ నంబరు కాలమ్‌ను అంకెగా కాకుండా అక్షరాలుగా పెట్టారు. కొందరు 7 అని, కొందరు 007 అని రాశారు. నేను అంకె 7 అని అడిగాను. అంకెగా చూస్తే 7 అయినా 007 అయినా ఒకటే. అక్షరాలుగా చూస్తే అవి ఇండెక్స్‌లో వేరు వేరు చోట్ల ఉంటాయి. అంకె 7కు సమానమైనవి ఏ పేజీలో ఉన్నాయో చెప్పలేక, డేటాబేస్ ఇండెక్స్‌ను పక్కన పెట్టి 9 లక్షలూ చదివింది. 140 రికార్డింగులకూ 140 సార్లు. కాలమ్ ఏ రకమో అదే రకంగా అడగాలి. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి అడిగితే ఇండెక్స్ పనిచేస్తుంది గాని, 007 అని రాసినవి తప్పిపోతాయి. అందుకని రికార్డింగ్ నంబరు వదిలేసి, ప్రతి వరుసకూ తప్పకుండా ఉండే క్రమసంఖ్య పట్టుకున్నాను. 1 నుంచి 5,000 వరకు ఒక ముక్క, 5,001 నుంచి 10,000 వరకు ఇంకొకటి. మొత్తం 180 ముక్కలు.

ముక్క మరీ చిన్నది చేయకూడదు. ఒక్కో వరుసకు ఒక కమిట్ అంటే, కరెంటు పోయినా పోకుండా ఉండాలని ప్రతిసారీ లాగ్‌ను డిస్క్ దాకా రాయాలి. ఒక్కొక్క ఉల్లిపాయ కోసం అంగడికి పోయి వచ్చినట్టు ఉంటుంది. మరీ పెద్దది చేస్తే తాళాల గొడవ మళ్లీ మొదలవుతుంది. మా కంప్యూటర్‌కు 5,000 సరిపోయింది, మీ దానికి వేరుగా ఉండవచ్చు. ముక్కలు చేయడంలో ఒక నష్టం ఉంది. మధ్యలో ఆగితే సగం మారి, సగం మారకుండా ఉంటుంది. "ఖాళీగా ఉంటేనే" అనే షరతు ఉంది కాబట్టి మనకు చిక్కు లేదు. మళ్లీ మొదటి నుంచి నడిపినా, అయిపోయిన వాటిని వదిలేసి మిగిలినవే చేస్తుంది. అలాంటి షరతు పెట్టలేని పనిని, ఉదాహరణకు అందరి మార్కులకూ 5 కలపడం లాంటిదాన్ని, ఇలా ఊరికే రెండుసార్లు నడిపితే 10 కలుస్తాయి. అలాంటప్పుడు ఎంతదాకా వచ్చామో వేరుగా రాసుకోవాలి.

ఇండెక్స్‌లు ఎక్కువైనా కష్టమే

ఇండెక్స్ మంచిదన్నాను కదా అని అన్ని కాలమ్‌లకూ పెట్టేయకండి. పుస్తకం చివర పదసూచిక ఉందనుకోండి. లోపల ఒక మాట మారిస్తే సూచికలోనూ మార్చాలి. ఐదు సూచికలుంటే ఐదు చోట్లా మార్చాలి. మన పలుకులు టేబుల్‌లో తెలుగు రాత కాలమ్ మీదనే మూడు ఇండెక్స్‌లు ఉన్నాయి. ఎప్పుడో ఎవరో పెట్టినవి. ఒకటి ఉంచి రెండు తీసేశాము. ఇప్పటిదాకా వాటి అవసరం ఎవరికీ రాలేదు.

మార్చే కాలమ్ మీద ఉన్న ఇండెక్స్ గురించి ఒక పాత కథ ఉంది. 1976లో ఐబీఎం వాళ్లు సిస్టమ్ ఆర్ అనే డేటాబేస్ తయారుచేస్తున్న రోజుల్లో, 25,000 డాలర్లకంటే తక్కువ జీతం ఉన్నవాళ్లకు పది శాతం పెంచమని ఒక అప్‌డేట్ ఇచ్చారు. చూస్తే తక్కువ జీతం వాళ్లందరికీ కనీసం 25,000 అయిపోయింది! అది జీతం ఇండెక్స్ వెంబడి వెతుకుతూ పోయింది. జీతం పెరిగిన వరుస ఇండెక్స్‌లో ముందుకు జరిగి మళ్లీ ఎదురుపడింది. మళ్లీ పెంచింది. 25,000 చేరేదాకా అలా పెంచుతూనే ఉంది. డాన్ చేంబర్లిన్, పాట్ సెలింగర్, మోర్టన్ ఆస్ట్రహాన్ దీన్ని గుర్తించింది అక్టోబరు 31న, హాలోవీన్ పండుగ రోజున. అందుకని దీనికి హాలోవీన్ సమస్య అనే పేరే నిలిచిపోయింది. ఇప్పటి డేటాబేస్‌లు ముందే వరుసలు ఎంచుకొని పక్కన పెట్టుకోవడం లాంటి జాగ్రత్తలు తామే తీసుకుంటాయి. ఆ జాగ్రత్తకూ కొంత సమయం పడుతుంది.

ఒకవేళ టేబుల్‌లో దాదాపు అన్ని వరుసలూ మారాల్సి వస్తే అప్‌డేట్ కంటే ఇంకో దారి మేలు కావచ్చు. సరైన విలువలతో కొత్త టేబుల్ నింపి, ఇండెక్స్‌లు చివర కట్టి, పాతదాని పేరు కొత్తదానికి మార్చేయడం. ఇల్లంతా రిపేరు చేసేకంటే పక్కన కట్టుకొని మారిపోవడం వంటిది. కాని ఆ మధ్యలో పాత టేబుల్‌లో ఎవరూ ఏమీ దిద్దకూడదు. మనకు నాలుగో వంతే మారాలి కాబట్టి ఆ అవసరం రాలేదు.

చివరికి

సోమవారం పొద్దున, ముందు బ్యాకప్ తీసి, ల్యాబ్ అక్క పక్కన ఉండగా మళ్లీ నడిపాను. 180 ముక్కలు నాలుగు నిమిషాల లోపల అయిపోయాయి. పక్కనే నలుగురు మాటలు దిద్దుతూనే ఉన్నారు. ఎవరికీ ఎర్ర అక్షరాలు రాలేదు. అయిపోయాక లెక్క చూశాను. మారినవి నేను ముందు లెక్కపెట్టినన్నే. చేత్తో నింపినవి 41 వేలకు 41 వేలు అలాగే ఉన్నాయి.

రేపు మీలో ఎవరైనా పలుకులు టేబుల్‌కు అప్‌డేట్ ఇవ్వాల్సి వస్తే ఇలా చేయండి. ముందు సెలెక్ట్‌తో ఎన్ని వరుసలో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. జత దొరకని వరుసలకు ఏమవుతుందో ఆలోచించండి. ఎక్స్‌ప్లెయిన్‌లో ఆల్ అని వస్తే ఆగి, కాలమ్‌ను ఫంక్షన్‌లో చుట్టారా, అంకెను అక్షరంతో పోల్చారా, ఇండెక్స్ అసలు ఉందా అని చూడండి. బ్యాకప్ తీసి, ముక్కలుగా నడపండి. అయ్యాక కాగితం మీది సంఖ్యతో పోల్చండి.

ఆ 41 వేలలో నుంచి ఒకటి తీసి ఆడియోతో పాటు విన్నాను. ఒక అవ్వ ఎండాకాలం రాత్రుల గురించి చెబుతూ "గాలే లేదు" అంటున్నది. వరుసలో అక్క నింపిన మాట "గాలి". సరిగ్గానే ఉంది.